ఆవు తిన్న తవుడు

పెళ్ళై భిలాయి వచ్చిన కొత్తల్లో ఛాయకి ఏది చూసినా ముచ్చటే. పొద్దున్నే ప్లాంటు సైరన్ మోగగానే సెక్టర్ సిక్స్ రోడ్లన్నీ సైకిళ్ళతో నిండిపోవడం ముచ్చట. సాయంత్రం ప్లాంటు వెనకెక్కడో కొలిమిలో కరిగిన ఇనప చిట్టెం పారబోసినప్పుడు ఆకాశం పొయ్యిలో నిప్పులా ఎర్రబడడం ముచ్చట. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే జామకాయ అందడం ముచ్చట. అన్నిటికన్నా పెద్ద ముచ్చట, జూనియర్ ఇంజినీరు పార్థసారథి డ్యూటీ నుంచి వచ్చీ రావడంతోనే తన హెల్మెట్ తీసి ఆమె నెత్తిన పెట్టి, "ఫోర్‌మన్ గారూ, కాఫీ ఉత్పత్తి మొదలెట్టారా?" అనడం. విజయనగరంలో బి.ఏ. చదివిన మూడేళ్ళలోనూ అంత నవ్వలేదు ఆమె.

పక్క క్వార్టరు సత్యారావుది. అతను రోలింగ్ మిల్లులో క్రేను నడుపుతాడు. అతని భార్య మణిమాల ఆ ఊళ్ళోనే, ఖుర్సీపార్‌లో పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోయి, మళ్ళీ తనే నాలిక్కరుచుకునేది. అప్పటికి ఆమెకి నెలలు నిండుతున్నాయి. రెండిళ్ళ పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. మధ్యాహ్నాలు అటొకరూ ఇటొకరూ ఆ గోడ దగ్గర చేరి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, పుట్టబోయే బిడ్డకి పేరు వెతికేవాళ్ళు. ఆడపిల్లే పుడుతుందని మణిమాలకి గట్టి నమ్మకం.

"ఇందుమతి బావుంటుంది వదినా. ముద్దుగా ఇందూ అనచ్చు."

"అరే, నీకు తెలీదు ఛాయా. ఇక్కడి పిల్లలు దాన్ని ఇమ్లీ చేసి పారేస్తారు. బడికెళ్ళిన మొదటిరోజే నా కూతురు చింతపండైపోతాది."

"పోనీ పద్మిని? పద్దూ అని పిలుచుకో."

మణిమాల చేతిలో కాయ వదిలేసి గోడమీదికి వంగి, ఆ పద్దూని సెక్టర్ పిల్లలు హిందీలో ఏ కంపు మాటకి అంటగడతారో ఛాయ చెవిలో చెప్పింది. ఇద్దరూ కళ్ళనీళ్ళు కారేలా నవ్వారు. మణిమాల పొట్ట పట్టుకుని, "నవ్వించకే బాబూ, ఇక్కడే కనేస్తాను" అంది.

అలా ఛాయకి కొత్త విద్య ఒకటి పట్టుబడింది. ఏ పేరు తట్టినా ముందు దాన్ని విరిచి చూడడం. తల్లి ముద్దొస్తే ఏమంటుంది, కోపమొస్తే ఏమంటుంది, ఆటస్థలంలో పిల్లలు ఏమని అరుస్తారు, రేపు కట్టుకున్నవాడు ఏమని పిలుస్తాడు. ఆ పరీక్షలన్నిటికీ నిలిచిన పేరు నీలవేణి ఒక్కటే. ఇంట్లో నీలూ. బడిలో వేణి. అల్లరి చేస్తే మాత్రం పేరంతా పూర్తిగా, "నీలవేణీ!" అని.

ఆ సాయంత్రం పార్థసారథితో చెబితే, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస" అన్నాడు.

"ఆలు నేనున్నాగా. చూలు పక్కింట్లో ఉంది. ఇంక తక్కువేముందండీ?"

ఆ నవ్వుల్లో ఒక మాట మాత్రం మణిమాల ఎప్పుడూ ఎత్తలేదు. ఛాయకి తర్వాత తెలిసింది. ఇది ఆమెకి మొదటి కాన్పు కాదు. మొదటి బిడ్డ పేరు పెట్టకముందే పోయింది. రెండో బిడ్డకి స్వర్ణ అని పెట్టారు. పాకే వయసులో పోయింది.

దసరా వెళ్ళాక ఆడపిల్లే పుట్టింది. పురుడు పొయ్యడానికి మణిమాల అత్త అప్పలనర్సమ్మ పాలకొండ పక్క పల్లె నుంచి ముందుగానే దిగింది, ఒక రేకుపెట్టె, ఒక డాల్డా డబ్బాతో. కోడలి నోట నీలవేణి అన్న మాట వినగానే ముసలావిడ అగ్గి మీద గుగ్గిలమైంది.

"నీలవేణేటి, నీలవేణి! ముందుదానికి సొర్న అని ఎట్టినారు. అందమైన పేరు దేవుడు ఇన్నాడు, వొచ్చి ఎత్తుకుపోనాడు. సాల్లేదేటి? ఇదాన్ని నాను అమ్మేస్తాను. తవుడుకి అమ్మేస్తాను. తవిటమ్మ అందుం. తవుడుకొచ్చిన సరుకు ఎవుడిక్కావాల? ఏ దేవుడూ చెయ్యి సాపడు."

విజయనగరం కాలేజీలో ఛాయతో ఓ తవిటినాయుడు చదివేవాడు. అతనికా పేరు ఎలా వచ్చిందో ఆమె ఏనాడూ ఆలోచించలేదు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డని చెత్తకుప్ప పక్కన పడుకోబెట్టి పరాయివాళ్ళకి చేటెడు తవుడుకి అమ్మేస్తారని, కొన్నవాళ్ళు మళ్ళీ ఆ తల్లికే "నా పిల్లని పెంచి పెట్టు" అని అప్పగిస్తారని, అసలు పేరు చెవులు కుట్టించేదాకా నోటితో అనకూడదని అప్పుడే విన్నది.

"మరి ఎవరు కొంటారు మామ్మా?" అనడిగింది గోడ మీద మోచేతులాన్చి.

అప్పలనర్సమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "నువ్వే. పిల్లలున్నది కొంటే తన పిల్లల్లో కలిపేసుకుంటాది. పిల్లల్లేక ఏడిసేది కొంటే మరి తిరిగియ్యదు. కొత్త పెళ్ళికూతురికి మొగుడి గొడవే సాలు. ఇదిగో సాయమ్మా, ఈ డబ్బా అట్టుకెల్లు." ఆవిడ నోట్లో ఛాయ ఎప్పుడూ సాయమ్మే. "ఇది మా ఇంటి దంపుడు తవుడు. పురుడెల్లేదాకా నీ ఇంట్ల ఉండాల. నీ ఇంట్ల ఉంటే నీదవుతాది. నీదైతేనే బేరం."

వెనక మణిమాల పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ డబ్బా గోడ దాటడం చూస్తూ కూచుంది.

ఛాయ డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. పార్థసారథి మూత తీసి వాసన చూశాడు. "ఒక డబ్బా తవుడుకి ఒక అమ్మాయి. మా ప్లాంటు వాళ్ళకి తెలిస్తే టెండర్లు పిలుస్తారు" అన్నాడు. ఆ మాటకి ఇద్దరూ ఎంతసేపు నవ్వారో.

రోజూ పొద్దున్న గేటు దగ్గరికి ఒక గోధుమరంగు ఆవు వచ్చేది. ఎవరిదో తెలీదు. సెక్టర్లన్నీ దానివే. ఛాయ దానికి కూడా పేరు పెట్టేసింది, గౌరమ్మ అని. ముద్దుగా గౌరూ. రొట్టెముక్క పెడితే వాసన చూసి వదిలేసింది. ఛాయకి డబ్బా గుర్తొచ్చింది. ఒక్క గుప్పెడే కదా అనుకుంది. ఆవు నాలిక గరుకుగా అరచేతిని నాకుతుంటే, ఆమె చక్కిలిగిలితో గెంతుతుంటే, మెట్టు మీద కాఫీ తాగుతున్న పార్థసారథి గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. అతను అలా నవ్వితే ఆమెకి ఇంకా పెట్టాలనిపించేది. మర్నాడు ఒక గుప్పెడు. ఆ మర్నాడు ఇంకోటి.

తెలియక చేసింది కాదు. ఆ తవుడు ఎందుకుందో ఆమెకి తెలుసు. "అది పక్కింటివాళ్ళది కాదుటోయ్?" అని పార్థసారథి ఒకసారి అన్నాడు కూడా. "తవుడే కదండీ!" అంది, డిగ్రీ పుచ్చుకున్న అమ్మాయి అనాల్సినట్టే.

బారసాల ముందురోజు మణిమాల గోడ దగ్గరికొచ్చి, "రేపే, ఛాయా. డబ్బా భద్రంగా ఉంది కదా? అత్త రోజూ అడుగుతోంది" అంది. ఛాయ ఉందని తలూపి, లోపలికొచ్చి మూత తీసింది. అడుగు రేకు తళతళా మెరిసింది.

అప్పుడే వెళ్ళి చెప్పేస్తే సరిపోయేది. గోడ దాకా వెళ్ళింది కూడా. అటువైపు మణిమాల తీగ మీద గుడ్డపీలికలు ఆరేస్తూ, ఒక్కొక్కదాన్నీ దులిపి చూసి, చీమగానీ పురుగుగానీ ఉందేమోనని తిప్పి చూసి, అప్పుడు ఆరేస్తోంది. ఛాయ వెనక్కి వచ్చేసింది. రేషన్ గోధుమపిండి జల్లించి, జల్లెట్లో మిగిలిన పొట్టుని తీసింది. రేకులు రేకులుగా ఉంది. అరచేతుల మధ్య వేసి నలిపింది. మెత్తబడేదాకా నలుపుతూనే ఉంది. గుప్పెళ్ళతో ఆవుకి పెట్టినప్పుడు అది ఆట. ఈ నలపడం ఆట కాదని ఆమె చేతులకే తెలిసిపోయింది.

మర్నాడు పెరటి మూల ఊడ్చిన చెత్త పక్కన, చేటలో పాత గుడ్డ పరిచి పసిదాన్ని పడుకోబెట్టారు. "పిల్లని అమ్ముతాం! తవుడుకి అమ్ముతాం!" అని అప్పలనర్సమ్మ వీధికి వినబడేలా కేక పెట్టింది. ఛాయ వెళ్ళి ఆవిడ కొంగులో పొట్టు ఒంపింది. ముసలావిడ కళ్ళకి పొర. చూడలేదు. చూడకపోగా, చిటికెడు తీసుకుని రెండు కళ్ళకీ అద్దుకుంది.

"ఎత్తుకోవే, నీ పిల్లని."

ఎత్తుకుంది. వెచ్చగా, తడిగా, ఇంత బరువు. ఆ బరువు చేతుల్లోకి వచ్చేదాకా అది ఒక పిల్ల అని ఛాయకి నిజంగా తట్టలేదేమో. "తవుడిచ్చి కొన్నాను. దీని పేరు తవిటమ్మ" అంది. నేర్పిన మాటే. తర్వాత మణిమాల చేతుల్లో పెట్టి, "నా పిల్లని పెంచి పెట్టు" అంది. మణిమాల బిడ్డని అందుకుంది కానీ గుండెకి హత్తుకోలేదు. ఎవరో ఇచ్చిన గాజుసామాను పట్టుకున్నట్టు, కొంచెం దూరంగా పట్టుకుంది.

ఆ తర్వాత ఛాయ వరసే మారిపోయింది. అత్త లేనప్పుడు మణిమాల గోడ దగ్గర గొంతు తగ్గించి, "మనిద్దరమే ఉన్నప్పుడు నీలూ అనుకుందామా? ఒక్కసారి?" అంటే, ఛాయ అదిరిపడి, "వద్దు వదినా! తవిటమ్మే!" అనేది.

"అరే, పేరు వెతికినదానివి నువ్వే కదా. నాకు లేని పట్టింపు నీకెందుకు?"

ఏమని చెబుతుంది? పొద్దున లేస్తూనే గోడ మీంచి, "తవిటమ్మా! తవిటీ!" అని వీధంతా వినేలా పిలిచేది. ఆ పేరైనా గట్టిగా నిలబడితే, పొట్టు తవుడైపోతుందేమోనన్నట్టు. ఆవు గేటు దగ్గరికొస్తే చీపురు తిరగేసి తరిమేది. పార్థసారథి చూసి, "ఏ తవుడైతే ఏమిటే, పిల్ల నిక్షేపంలా ఉంది" అన్నాడు. అతను అన్నది న్యాయమే. ఆమెకీ తవుడు మీద నమ్మకం లేదు. కానీ నమ్మినవాళ్ళ కళ్ళకద్దించింది తను. హెల్మెట్ నెత్తిన పెడితే ఇప్పుడు ఆమె తీసి మేకుకి తగిలించేసేది.

చలి ముదిరింది. ఒకరోజు మధ్యాహ్నం గోడవతల నుంచి పిల్ల ఏడుపు వేరేగా వినిపించింది, సన్నగా, మధ్యమధ్యలో తెగిపోతూ. ఛాయ గోడ ఎక్కి దూకేసింది. పసిది డొక్కలెగరేస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది. సత్యారావు డ్యూటీలో ఉన్నాడు. అప్పలనర్సమ్మ వాము కాచిన నూనె ఛాతీకి రాస్తూ స్థిమితంగా ఉంది.

"ఏటీ కాదు. అమ్మేసినాం కదా. ఇది పరాయోల్ల పిల్ల. మనింట్ల దీనికేటవుతాది? మొన్న సొర్నకైతే నాను కంగారుపడ్డాను. ఇదానికి పడను."

మణిమాల గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. అత్త మాట నమ్మాలని ఆమె మొహమంతా ఆరాటపడుతోంది.

ఈ ముసలావిడ ధైర్యమంతా తను నలిపిన ఆ గుప్పెడు పొట్టు మీద నిలబడి ఉంది.

"మామ్మా, ఈ పిల్ల ఎవరిది?"

"నీదే. కొన్నావు కదేటి."

"అయితే నా పిల్లని నేను హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాను. నువ్వు అడ్డం చెప్పకూడదు."

అప్పలనర్సమ్మ నూనె చేతులు గాల్లోనే ఉండిపోయాయి. కాదనడానికి ఆవిడకి దారి లేదు. తను పెట్టిన బేరమే.

మణిమాల కూడా రిక్షా ఎక్కింది. దారంతా ఛాయ పిల్లని పైటలో చుట్టి గుండెకి అదుముకుని కూచుంది. డాక్టరమ్మ చూస్తూనే సూది వేయించి, ఆక్సిజన్ పెట్టించింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందనీ, రేపటిదాకా ఆగి ఉంటే కష్టమయ్యేదనీ అంది. సాయంత్రానికి డొక్కలు ఆడడం తగ్గింది. పిల్లని వీళ్ళ చేతికిచ్చారు. వరండాలో బల్ల మీద ఛాయ ఒళ్ళో నిద్రపోయింది. బయట ఆకాశం ఎర్రబడింది. ఛాయ అటు చూడలేదు.

మణిమాల ఆమె భుజం మీద తల వాల్చింది. "అత్త చెప్పింది నిజమే ఛాయా. నువ్వు కొన్నావు కాబట్టే దక్కింది. లేకపోతే ఇది కూడా..."

ఆ మాట ఒక్కటీ ఛాయ మొయ్యలేకపోయింది.

"నేను కొనలేదు వదినా."

"ఏంటి?"

"ఆ డబ్బాలో తవుడు అయిపోయింది. ఆవుకి పెట్టేశాను. నేనిచ్చింది గోధుమపొట్టు. పిండి జల్లించి తీశాను."

మణిమాల తల ఎత్తింది.

"ఆవుకా?"

"ఆవుకి."

"తెలిసే పెట్టావా?"

"తెలిసే."

"నవ్వుకుంటూ పెట్టావా?"

ఛాయ అబద్ధం చెప్పదలుచుకోలేదు. "నవ్వుకుంటూనే."

తిడుతుందనుకుంది. కొట్టినా బాగుండేదనుకుంది. మణిమాల మాత్రం గోడకేసి చూస్తూ, లెక్క కట్టుకుంటున్నట్టు నెమ్మదిగా అంది. "అంటే నువ్వు కొనలేదు."

"లేదు."

"అంటే ఇది అమ్ముడుపోలేదు." ఆమె పిల్ల వైపు తిరిగింది. "నీకు తెల్సా, నేను పాలిస్తుంటే ఎవరి పిల్లకో ఇస్తున్నట్టుండేది. ముద్దు పెట్టుకుంటే నాది అనుకుంటున్నానని ఆ పైవాడికి తెలిసిపోతుందని, ఇన్నాళ్ళూ సరిగ్గా ముద్దైనా పెట్టుకోలేదు. ఇయ్యి."

"వదినా..."

"ఇయ్యమన్నానా? నా పిల్లని నాకియ్యి."

బిడ్డని తీసుకుని, చెంప మీద, కణత మీద, నూనె కంపు కొడుతున్న ఛాతీ మీద ముద్దులు పెట్టింది. తర్వాత ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి, చెవిలో "నీలూ" అంది.

"అత్తకి చెప్పకు. తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు. నువ్వు మాత్రం..." అని ఆగి, "నువ్వు దీన్ని ఇంక ముట్టుకోకు" అంది.

గోడ దగ్గర చిక్కుడుకాయలు ఒలవడం ఆగిపోయింది. మణిమాల బట్టలు ముందువైపు ఆరేసుకునేది. సంగతి తెలియని ముసలావిడ మాత్రం రోజూ పొద్దున్నే, "సాయమ్మా! నీ పిల్ల నవ్వుతున్నాది, రా, సూడు!" అని గోడ మీంచి కేకేసేది. ఛాయ వెళ్ళి ఇటువైపే నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని చూసి వచ్చేసేది. కొన్నదానివి, ఎత్తుకోవేటే అని ఆవిడంటే, చేతులు తడిగా ఉన్నాయనో, పొయ్యి మీద పాలున్నాయనో చెప్పేది. చేసిన తప్పుకి రోజూ ఒక చిన్న అబద్ధం వడ్డీ.

శివరాత్రి వెళ్ళాక అప్పలనర్సమ్మ ఊరికి బయల్దేరింది. గేటు ముందు రిక్షా వచ్చి నిలబడింది. రేకుపెట్టె పట్టుకుని సత్యారావు ముందు ఎక్కాడు. ముసలావిడ కోడలి చేతుల్లోంచి పిల్లని తీసుకుని, గేటు దగ్గర నిలబడ్డ ఛాయ దగ్గరికి నడిచొచ్చి, వద్దనేలోపలే చేతుల్లో పెట్టేసింది.

"నీ పిల్లని నీ సేతికిచ్చి ఎల్తన్నాను. బతికించుకున్నావు. ఏదీ, ఒకపాలి పిలు. నా సెవులారా ఇని రైలెక్కుతాను."

ఛాయ మణిమాల వైపు చూసింది. మణిమాల పెదవులు బిగించి నిలబడింది. తర్వాత గడ్డం, కనిపించీ కనిపించనంత, కిందకి ఆడించింది.

"తవిటమ్మా" అంది ఛాయ.

పిల్ల తల తిప్పింది. గోడ మీంచి రోజూ అరిచిన గొంతు దానికి తెలుసు. ఆ గొంతు చేసిన పని తెలియదు. పళ్ళులేని చిగుళ్ళన్నీ కనబడేలా ఛాయ మొహంలోకి చూసి నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఛాయ కళ్ళు దించుకుంది. ముసలావిడ అది మురిపెం అనుకుంది. మెటికలు విరిచి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది.

మలుపు తిరిగేదాకా ఇద్దరూ అటే చూశారు. ఛాయ వెంటనే రెండు చేతులూ చాపి పిల్లని ముందుకు పెట్టింది. మణిమాల తీసుకుంది. తీసుకుని కూడా లోపలికి వెళ్ళలేదు.

"దీనికి నీళ్ళు పొయ్యాల" అంది, వీధిలోకి చూస్తూ. "అత్త కాళ్ళమీద పడుకోబెట్టుకుని పోసేది. నాకు చాతకాదు. ముక్కులోకి పోతాయని భయం."

"నాకొచ్చు. మా అక్క పిల్లలకి పోశాను."

అప్పుడే గోధుమరంగు ఆవు రోడ్డు దాటి వచ్చి, అలవాటుగా ఛాయ గేటు మీద మూతి పెట్టింది. మణిమాల దాన్ని చూసింది. ఛాయని చూసింది. మొహం మీద నవ్వు లేదు.

"సబ్బుతో కడుక్కుని రా" అంది. "ఆవు నాకిన చేతుల్తో నా నీలూని పట్టుకోకు."

ఛాయ లోపలికి పరిగెత్తింది. మోచేతుల దాకా కడుక్కుంది. తుడుచుకుని, మళ్ళీ ఒకసారి కడుక్కుంది.